అతామిలో శనివారం బఫే, ఆదివారం ఎండు చేప

మా నాన్న శనివారం నీచు ముట్టరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతే. అయినా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో, చేపలే ప్రధానమైన బఫే లంచ్‌కి శనివారం మధ్యాహ్నం టేబుల్ బుక్ చేశాను. తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాత జరిగినవాటిలో కొన్ని మాత్రం నావి కావు.

అమ్మానాన్నలు అక్టోబరులో టోక్యో వచ్చారు. మేముండేది నిషి కసాయ్‌లో, మన ఇండియా వాళ్లు ఎక్కువగా ఉండే పేట. స్టేషన్ బోర్డు చూడగానే నాన్న, "కసాయి ఊళ్లో కాపురం పెట్టావేంటే?" అన్నారు. ఆ జోకు ఆయన వీసా ఉన్నన్నాళ్లూ నడిచింది. వాళ్లకి కొండా సముద్రం రెండూ చూపించాలనీ, పెద్దగా నడిపించకూడదనీ అనుకుని, టోక్యోకి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న అతామి ఊరు పెట్టుకున్నాం. మా ఆయనా, రెండో క్లాసు చదివే మా పాపా కలిపి మొత్తం ఐదుగురం.

టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో, అంటే కొదామా షింకాన్‌సెన్‌లో ముప్పావుగంట, మనిషికి దాదాపు 4,000 యెన్లు. నొజోమి అనే బుల్లెట్ రైలు ఎక్కకండి, అది అతామిలో ఆగదు. మామూలు రైలైతే సగం ధరకే వస్తుంది కానీ రెండు గంటలు పడుతుంది, వారాంతంలో సీటు దొరకడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న వాళ్లతో వెళ్తుంటే కొదామా ఖర్చుకి వెనకాడొద్దు. ఒదవారా దాటాక సముద్రం కనిపిస్తుందని పాప కిటికీకి అతుక్కుని కూర్చుంది కానీ, అక్కడి నుంచి ఎక్కువ భాగం సొరంగాలే.

అతామి అంటే "వేడి సముద్రం" అని అర్థం. ఊరంతా వేడినీటి బుగ్గలే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొత్త పెళ్లికూతుళ్లూ పెళ్లికొడుకులూ హనీమూన్‌కి వచ్చే ఊరట. 1964లో షింకాన్‌సెన్ మొదలైన రోజు నుంచే ఇక్కడ ఆగుతోంది. తర్వాత కంపెనీలు ఉద్యోగులను బస్సుల్లో తెచ్చి దింపిన కాలం ఒకటి, అది పోయి హోటళ్లు మూతబడ్డ కాలం ఒకటి, ఇప్పుడు కుర్రకారు మళ్లీ వస్తున్న కాలం ఒకటి. మేం దిగిన హోటల్లో ఈ మూడు కాలాలూ కనిపించాయి: లాబీలో మెరిసే కొత్త సోఫాలు, కారిడార్‌లో 1980ల నాటి కార్పెట్, లిఫ్టులో అంతకంటే పాత వాసన. పేరు చెప్పను, మరీ అంత చెడ్డదేం కాదు.

స్టేషన్ నుంచి సముద్రానికి ఊరు నిట్టనిలువుగా దిగుతుంది. మ్యాపులో పదిహేను నిమిషాల నడక అని కనిపిస్తుంది. దిగడానికి అది నిజమే, ఎక్కడానికి కాదు. హోటల్ వాళ్ల బస్సు గంటకొకటి. మా కళ్ల ముందే ఒకటి వెళ్లిపోయింది, దాని వెనకాల స్టేషన్ దగ్గర ఉండే హోటల్ ఉద్యోగి నడుము వంచి దండం పెడుతూ నిలబడి ఉన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా లేవలేదు. లేచాక మమ్మల్ని చూసి, తర్వాతి బస్సు గంట తర్వాత అని ఎంతో వినయంగా చెప్పాడు. టాక్సీ ఎక్కాం.

ఇక బఫే. జపాన్‌లో బఫేని "బైకింగు" అంటారు, అంటే వైకింగ్. 1958లో టోక్యో ఇంపీరియల్ హోటల్ వాళ్లు స్కాండినేవియా పద్ధతిలో వరసగా వంటలు పేర్చి ఎంతైనా తినండని మొదలుపెట్టి, అప్పట్లో ఆడుతున్న ఓ హాలీవుడ్ సినిమాను చూసి ఆ పేరు పెట్టారు. అదే దేశమంతటా నిలిచిపోయింది. మా టేబుల్ మీద కూడా ఆ మాటా, దాని పక్కన "90 నిమిషాలు" అనీ రాసిన అట్టముక్క పెట్టారు. పెద్దలకి 3,500 యెన్లు, మన లెక్కలో రెండు వేల రూపాయలు.

చూడ్డానికి మాత్రం కళ్లు చెదిరాయి. మంచు మీద ట్యూనా, ఆజి చేప సాషిమి, అంటే పచ్చి చేప ముక్కలు, పక్కనే వేడివేడిగా మన బజ్జీల్లాంటి టెంపురా వేయించే కౌంటరు, మూతలున్న బుల్లి కప్పుల్లో గుడ్డుతో ఆవిరి మీద ఉడికించే చవాన్‌ముషి, సోబా నూడుల్స్, కూర ముక్కల పులుసులాంటి నిమోనో, పిల్లల కోసం కర్రీ రైసు. ఒక మూల పచ్చి వాసాబి దుంపలు పెట్టి ఎవరికి వాళ్లని తురుముకోమన్నారు. అతామి ఉన్న ఇజు ప్రాంతం వాసాబికి పేరున్నది. సొరచేప తోలు అతికించిన చిన్న చెక్క మీద దుంపను గుండ్రంగా, నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే పేస్టు కాదు, పీచు వస్తుంది. నాన్న బాగా తురిమారు, చూపుడువేలితో తీసి సగం నాలిక మీద వేసుకున్నారు. నషాళానికంటింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "ఇది మన ఆవపిండేనే!" అన్నారు. నిజమే, రెండూ ఆవ కుటుంబానివే, ఘాటూ ఒకటే. కాకపోతే ఆవకాయ ఘాటు నిలుస్తుంది, ఇది రెండు నిమిషాల్లో దిగిపోతుంది.

ఆ తర్వాత మొదలైంది టెన్షన్. నాన్నకి ఏం పెట్టాలి? ముందురోజు ఫోన్ చేసి "కూరగాయలు మాత్రమే తినేవారున్నారు" అని చెప్పాను, "ఏం పర్లేదు" అన్నారు. తీరా వచ్చాక ఒక అమ్మాయి అలర్జీ పట్టిక తెచ్చి చేతికిచ్చింది. రొయ్య, పీత, గుడ్డు, పాలు, గోధుమ, సోబా, వేరుశనగ అన్నిటికీ బొమ్మలూ చుక్కలూ ఉన్నాయి. చుక్కలు లేని వంటలన్నీ నాన్నకి పనికొస్తాయని లెక్కేసుకున్నాను. మా పాప నాకంటే మంచి జపనీస్ మాట్లాడుతుంది. "దీన్లో చేప దాషి ఉందా?" అని ఒక్కో వంట దగ్గరా అడుగుతూ పోయింది. నిమోనోలో ఉంది. మిసో సూపులో ఉంది. బచ్చలికూరలాంటి ఆకుకూరలోనూ ఉంది. ఎండబెట్టిన కత్సువో చేపను చెక్కి కాచే ఆ దాషి నీళ్లు ఇక్కడి వంటకి మన పోపు లాంటివి, అన్నిట్లోనూ ఉంటాయి. కానీ కత్సువో అలర్జీల జాబితాలో లేదు, కాబట్టి దానికి చుక్క ఉండదు. పట్టిక అబద్ధం చెప్పలేదు, నా ప్రశ్నకి అది జవాబు కాదు అంతే. శాకాహారులు జపాన్‌లో "చేప తినం" అంటే చాలదు. "దాషి కూడా వద్దు" అని విడిగా, రెండుసార్లు చెప్పాలి.

చిలగడదుంప టెంపురా ఉంది కదా అంటే, అదే నూనెలో రొయ్యలు వేస్తున్నారు. వేరే మూకుడు పెట్టలేమన్నారు, చాలా బాధపడుతూనే అన్నారు. చివరికి నాన్న పళ్లెంలోకి చేరినవి: తెల్లన్నం, పైన చేప పొట్టు వేయని చల్లటి టోఫు, ఉడికించిన పచ్చి సోయా కాయలు, దోసకాయ సుషీ, ఉమేబోషి. ఈ చివరిది ఉప్పులో ఊరిన పండు, నాన్నకి తెగ నచ్చింది, ఆరు తిన్నారు. ఇదంతా చూడలేక అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి గోంగూర సీసా తీసింది. మూత తిప్పిందో లేదో పట్టిక ఇచ్చిన అమ్మాయే వచ్చి, బయటి తిండి తేకూడదని రెండు చేతులూ అడ్డంగా పెట్టి, మొహం మాత్రం నవ్వుతూనే చెప్పింది. అమ్మ మూత బిగించింది. "ఇంత మర్యాదగా ఎవరూ తిట్టలేదే నన్ను" అంది తెలుగులో.

మిగతా మా నలుగురి సంగతి చెప్పాలంటే, ఆజి సాషిమి అద్భుతం, టెంపురా కౌంటరు దగ్గర నిలబడి తింటే బాగుంది, టేబుల్‌కి తెచ్చేసరికి మెత్తబడింది. సుషీ మామూలు. మాచా పుడ్డింగ్ రెండోసారి తెచ్చుకున్నాం. తొంభై నిమిషాల్లో ముప్పై విచారణకే పోయాయి, ఆ డబ్బుకి న్యాయం జరగలేదు.

చెక్-ఇన్ మూడింటికంటే మూడింటికే. రెండున్నరకి గది సిద్ధంగా ఉందని తెలిసినా ఇవ్వలేదు. "సీ వ్యూ" అన్న గదిలోంచి సముద్రం మూడొంతులు, పార్కింగ్ భవనం ఒక వంతు. చాపల గదితోపాటు రెండు మంచాలు కూడా ఉన్న గది తీసుకోవడం నేను చేసిన ఒకే ఒక మంచి పని, కింద పరుపుల మీంచి నాన్న లేవలేరు. యుకాతా అనే నూలు అంగీ ఇస్తే లుంగీ మడిచినట్టు కుడివైపు పైకి వేసుకుని కారిడార్‌లోకి వెళ్లారు. పక్క గదులు సర్దే పెద్దావిడ పరుగున వచ్చి, ఆయన్నే ఆపి, విప్పి, ఎడమది పైకి వచ్చేలా మళ్లీ కట్టింది. కుడిది పైకి వేసేది చనిపోయిన వాళ్లకట. అమ్మకి ఆ మాట చెప్పలేదు.

వేడినీటి స్నానాల దగ్గర బట్టల్లేకుండా పదిమందిలో దిగాలి. అమ్మ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. అప్పుడు కషికిరి, అంటే మనకి మాత్రమే ఇచ్చే స్నానాల గది, నలభై ఐదు నిమిషాలకి 3,300 యెన్లిచ్చి తీసుకున్నాం. ట్రిప్పు మొత్తంలో మారుమాట్లేకుండా పెట్టిన ఖర్చు ఇదే. రాతి తొట్టి, పైన సగం ఆకాశం, నీళ్లు పెదవికి తగిలితే ఉప్పగా. మోకాళ్ల దాకా మునిగి కూర్చుని అమ్మ పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆమె విషయంలో అది చిన్న సంగతి కాదు. బిల్లులో స్నానం పన్ను అని తలకి 150 యెన్లు కనబడేసరికి నాన్న, "నీళ్లు పోసుకున్నందుక్కూడానా?" అన్నారు. ఆయన అసలు దిగనే లేదు.

రాత్రి గోంగూర, అన్నం గదిలో జరిగాయి. అన్నం కింద దుకాణంలో కొన్నాం.

ఆదివారం నాన్న రోజు. ఉదయం టిఫిన్ కూడా బఫేనే, కానీ అసలు రుచి అక్కడుంది. టేబుల్ మీద చిన్న కుంపటి, దాని మీద మనమే కాల్చుకునే ఆజి హిమోనో. చేపను పుస్తకంలా తెరిచి, ఉప్పునీళ్లలో ముంచి, ఒక్క పూట ఆరబెడతారు. మన ఎండు చేపలా ఎముకలాగా అయిపోదు, లోపల మెత్తగానే ఉంటుంది. చర్మం చిటపటమని ఉబ్బి నూనె కారుతుంటే అన్నంతో తినాలి. నాన్న రెండు తిన్నారు, మూడోది పాప ప్లేటులోంచి.

పదకొండు గంటలకి రైల్లో ఒక స్టేషను దూరం వెళ్లి కినోమియా గుడి చూశాం. అక్కడి కర్పూర వృక్షానికి రెండు వేల ఏళ్లకి పైనే అంటారు, మొదలు చుట్టుకొలత దాదాపు 24 మీటర్లు. చుట్టూ ఒకసారి తిరిగితే ఆయుష్షు ఏడాది పెరుగుతుందని నమ్మకం. నాన్న ప్రదక్షిణలు మొదలుపెట్టి పదకొండు తిరిగారు. పక్కనే అమ్మ లెక్కపెడుతూ, "చాల్లెండి, అంతకాలం నేను వండలేను" అంది. ఎవరైనా ఒక్క పూటకే వెళ్తే బీచి వదిలేసి ఇక్కడికి రండి. బీచి పోసిన ఇసుక, చిన్నది. రాత్రి లైట్లు వేస్తే బాగుంటుంది, అంతే. మ్యూజియం మానేశాం, ఓపిక లేక. అతామిలో ఏడాదిలో చాలాసార్లు సముద్రం మీద బాణాసంచా కాలుస్తారు, మా వారాంతంలో లేదు. తేదీలు ముందు చూసుకుని గది తీసుకోండి.

స్టేషన్ ముందర హేవా-దోరి వీధిలో అమ్మకి హిమోనో దుకాణం కనబడింది. మచిలీపట్నం మనిషి, చేపల విషయంలో ఎవరి మాటా వినదు. ఎండు మెత్తళ్లు ఉన్నాయా అని తెలుగులోనే అడిగింది, దుకాణం ఆవిడ జపనీస్‌లో షిరాసు అనే బుల్లి చేపలు చూపించింది, ఇద్దరికీ అర్థమైంది. ఐస్‌ప్యాక్ పెట్టించి నాలుగు ఆజి చేపలు తెచ్చుకున్నాం.

సోమవారం అమ్మ తినదు, శివుడు. మంగళవారం నాన్న తినరు, ఆంజనేయస్వామి. ప్యాకెట్ వెనక గడువు మంగళవారం వరకేనని పాప చదివి చెప్పింది. మంగళవారం రాత్రి నాన్నకి తోడుగా అమ్మ కూడా గోంగూర అన్నమే తింటుంటే, నేనూ మా ఆయనా కిటికీలన్నీ తెరిచి, ముద్దపప్పులోకి నాలుగూ కాల్చుకు తిన్నాం.