ఎస్సీ కోటా: అందరికీ కలిపి ఉమ్మడిగానా, వర్గాల వారీగానా? ఏది మేలు?

పదిహేను శాతం ఎస్సీ కోటాను 59 కులాలకూ కలిపి ఉమ్మడిగా ఉంచాలా, వెనుకబాటును బట్టి వాటాలు వేయాలా? 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో వర్గీకరణ కోసం మాదిగల దండోరా ఉద్యమం మొదలైన నాటి నుంచీ మన ఊళ్లలో ఈ వాదన నడుస్తూనే ఉంది. నేను వర్గీకరణ వైపే. అయినా ఉమ్మడి కోటా కోరేవాళ్ల మాటను తేలిగ్గా తీసేయలేను.

వాళ్లకు 2004 నాటి చిన్నయ్య కేసు అండగా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీలను ఏ, బీ, సీ, డీలుగా విడదీసి రెల్లి తదితర కులాలకు 1, మాదిగ వర్గానికి 7, మాల వర్గానికి 6, ఆది ఆంధ్ర వర్గానికి 1 శాతం ఇచ్చింది. సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ ఆ చట్టాన్ని కొట్టేసింది. రాజ్యాంగం 341వ అధికరణ కింద ప్రకటించిన ఎస్సీ జాబితా అంతా ఒకే వర్గమని, అందులో మార్పు పార్లమెంటు పనేనని చెప్పింది. ఆ వాదనలో ఒక నిజం ఉంది: బావి దగ్గర అవమానించేవాడు ఉపకులం అడగడు. వాటాలు పంచితే అన్నదమ్ముల మధ్య గోడ లేస్తుందన్న భయమూ ఉత్తదేం కాదు.

కానీ అవమానం ఒకటే అయినా బడికి చేరిన కాలం ఒకటి కాదు. రెండు తరాలుగా ఉద్యోగాలున్న ఇంటి పిల్లతో, ఊరూరా తిరిగి బతికే బుడగ జంగాల పిల్ల ఒకే సీటు కోసం ఎలా పోటీ పడుతుంది? 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల బెంచ్ 6–1తో చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. జాబితాలో కులాన్ని చేర్చడం, తీసేయడం వేరు, లోపల వాటా వేయడం వేరు అంది. అయితే వెనుకబాటుకు లెక్కలు చూపాలి, కోటా మొత్తం ఒక్క వర్గానికే కట్టబెట్టకూడదు. ఈ రెండు షరతుల వల్లే నాకు ఆ తీర్పు మీద నమ్మకం కుదిరింది. కొందరు జడ్జిలు ఎత్తిన క్రీమీలేయర్ మాట, అంటే ఎస్సీల్లో బాగుపడిన కుటుంబాలను కోటా నుంచి తప్పించాలన్న మాట మాత్రం నాకు ఒప్పుదల కాదు.

2025లో రెండు రాష్ట్రాలూ వర్గీకరణ చేశాయి. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం, ఆంధ్రలో 1, 6.5, 7.5 శాతం. తెలంగాణ మొదటి గ్రూపులోని 15 కులాలు ఎస్సీ జనాభాలో 3.3 శాతం లోపే. జనాభా లెక్కన చూస్తే వాళ్లకు అర శాతమే వస్తుంది, వెనుకబాటు చూసి ఒక శాతం ఇచ్చారు. ఇది సరైన పని.

నా టెన్షన్ అంతా ఆ ఒక్క శాతం గురించే. వంద పోస్టులకు ఒకటంటే, పది పోస్టుల నోటిఫికేషన్‌లో వాళ్ల వంతు రాకపోవచ్చు. వచ్చినా అర్హులు దొరక్కపోతే తెలంగాణ చట్టం ప్రకారం ఆ పోస్టు రెండో గ్రూపుకు, తర్వాత మూడో గ్రూపుకు పోతుంది. దాన్ని కనీసం ఒక్కసారైనా బ్యాక్‌లాగ్‌గా, అంటే వచ్చే నోటిఫికేషన్‌లో నింపేలా, మొదటి గ్రూపుకే అట్టిపెట్టాలి. ఈలోగా ఆ పిల్లలకు హాస్టల్, కోచింగ్ ఇస్తే వచ్చే నోటిఫికేషన్‌కు అభ్యర్థి దొరుకుతాడు.