టస్కీగీ ట్రిప్: ఎర్ర తోకల ఫైటర్ గ్రూప్ పుట్టిన ఊరు

అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళకి వీకెండ్ అంటే స్టోన్ మౌంటెన్, చట్టనూగా, మహా అయితే ఫ్లోరిడా బీచ్. ఐ-85 మీద మాంట్‌గోమరీ వైపు రెండు గంటలు వెళ్తే తగిలే అలబామా ఊరు టస్కీగీ పేరు ఎవరి నోటా వినబడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళొచ్చాం కాబట్టి, వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. అలబామాలో టైమ్ గంట వెనక. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే అక్కడి లెక్కలో తొమ్మిదికే చేరతారు. తిరిగొచ్చేటప్పుడు ఆ గంట పోతుంది, అది గుర్తుంచుకోండి.

ముందే ఒక మాట. వరసగా యుద్ధ విమానాలు చూడాలనుకుంటే జార్జియాలోనే వార్నర్ రాబిన్స్‌లో మ్యూజియం ఆఫ్ ఏవియేషన్ ఉంది. అదీ ఉచితమే. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి పైలట్లు ట్రైనింగ్ తీసుకున్న టస్కీగీ మోటన్ ఫీల్డ్ ఇప్పుడు ఓ మ్యూజియం, అందులో విమానాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఇక్కడికి వెళ్ళాల్సింది కథ కోసం.

నల్లజాతివాళ్ళు విమానం నడపలేరని అమెరికన్ సైన్యం గట్టిగా నమ్మిన రోజులవి. ఒత్తిడి మీద ఒత్తిడి వచ్చాక 1941లో టస్కీగీలో వాళ్ళకి విడిగా ట్రైనింగ్ మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో చేరినవాళ్ళు 13 మంది, 1942 మార్చిలో పైలట్ల రెక్కల బ్యాడ్జి అందుకున్నది ఐదుగురు. వాళ్ళలో ఒకరు బెంజమిన్ డేవిస్ జూనియర్. సైనికాధికారుల్ని తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీలో చదివిన నాలుగేళ్ళూ తోటి విద్యార్థులు ఆయనతో డ్యూటీకి తప్ప మాట కలపలేదు, గది పంచుకోలేదు. అదే మనిషి తర్వాత 332వ ఫైటర్ గ్రూప్‌కి కమాండర్ అయ్యాడు. 1942 అక్టోబర్‌లో టస్కీగీలోనే ఏర్పడిన ఆ గ్రూప్ 1944లో ఇటలీ చేరింది. అక్కడ రామిటెల్లి అనే చోటి నుంచి ఎగిరి, బాంబర్లకు కాపలాగా జర్మనీ దాకా వెళ్ళొచ్చేది. విమానాల తోకలకి వేసిన ఎర్ర రంగే వాళ్ళ గుర్తు. 1945 మార్చి 24న బెర్లిన్ దాకా వెళ్ళి, పీ-51 మస్టాంగ్ ఫైటర్ విమానాలతో మూడు జర్మన్ జెట్ విమానాల్ని కూల్చారు.

మోటన్ ఫీల్డ్‌లో కారు పార్కింగ్ మిట్ట మీద ఉంటుంది. అక్కడి నుంచి మొత్తం సైట్ కనిపిస్తుంది. హ్యాంగర్లకి కిందికి నడవాలి, వచ్చేటప్పుడు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే ముందే అక్కడి పార్క్ సిబ్బందిని (రేంజర్లని) సాయం అడగండి. టికెట్ లేదు. రేంజర్ల సర్వీస్‌కి మాత్రం పూర్తి మార్కులు. అమ్మకి ఇంగ్లీషు సరిగా రాదని గమనించి, నేను తెలుగులో చెప్పేదాకా ఆగి మరీ తర్వాతి మాట చెప్పారు.

రెండు హ్యాంగర్లలో నా ఓటు మొదటిదానికే. 1940ల్లో పని జరుగుతున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే పెట్టారు. పసుపు రెక్కల స్టియర్‌మన్ బైప్లేన్ (రెండు జతల రెక్కలున్న ట్రైనింగ్ విమానం), పనిముట్లు, మైకుల్లో నాటివాళ్ళ గొంతులు. పైలట్లు వెయ్యి మందికి దగ్గరగా తయారైతే, వాళ్ళ వెనక మెకానిక్‌లు, నర్సులు, పారాచూట్‌లు మడిచే ఆడవాళ్ళు పది వేలకు పైనే ఉన్నారన్న సంగతి ఇక్కడే బుర్రకెక్కుతుంది. రెండో హ్యాంగర్ 1989లో కాలిపోతే మళ్ళీ కట్టారు. అందులో ఎర్ర తోక మస్టాంగ్ పూర్తి సైజు నమూనా వేలాడుతుంది. ఫొటోలకి బాగుంటుంది గానీ బోర్డులు చదివి చదివి పిల్లలు విసిగిపోయారు.

‘ఎర్ర తోకలు ఒక్క బాంబర్‌ని కూడా పోగొట్టుకోలేదు’ అని ఇంటర్నెట్‌లో చదివి వెళ్ళేవాళ్ళుంటారు. అది నిజం కాదు. వాళ్ళు కాపలా కాసిన బాంబర్లలో 27 శత్రు విమానాల దెబ్బకి కూలిపోయాయని ఎయిర్‌ఫోర్స్ చరిత్రకారులే లెక్క తేల్చారు. అయితే ఈ గ్రూప్ ఉన్న 15వ ఎయిర్‌ఫోర్స్‌లో ఇదే పని చేసిన మిగతా గ్రూపుల సగటు 46. నా మటుకు నాకు ఈ లెక్కే ఎక్కువ గొప్పగా అనిపించింది. అసలే నిజం అంత బాగుంటే దానికి పౌడర్ అద్దడం దేనికి?

మధ్యాహ్నం టస్కీగీ యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్ళండి. పాత భవనాలకి ఇటుకలు కాల్చింది విద్యార్థులే. ఇక్కడ పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మ్యూజియం దగ్గర మా నాన్న ఇక కదల్లేదు. అనంతపురంలో జీవితాంతం శెనక్కాయలు వేసిన మనిషి. పత్తి పీల్చేసిన నేలకి శెనక్కాయ వేసి సత్తువ తెప్పించమని కార్వర్ రైతులకి చెప్పాడని వివరిస్తే, “ఈయప్ప సేద్యం తెలిసినోడురా” అన్నారు. హ్యాంగర్లో అరగంటకే కుర్చీ వెతుక్కున్నది కూడా ఆయనే. ఈ మ్యూజియం అప్పుడప్పుడు మరమ్మతులకి మూసేస్తారు కాబట్టి వెళ్ళేముందు చూసుకోండి.

బసకి ఆబర్న్ మేలు. అరగంట లోపే వస్తుంది, హోటళ్ళు బోలెడు, ఇండియన్ తిండీ దొరుకుతుంది. ఆబర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారం మాత్రం పొరపాటున కూడా వద్దు, గది రేట్లు చుక్కల్లో ఉంటాయి. చవగ్గా వస్తుందని మేం దిగిన ఓ హైవే హోటల్లో ఏసీ రాత్రంతా లారీలా మోగింది. పొద్దున శాకాహారులకి బ్రెడ్డు, అరటిపండే గతి. టస్కీగీ ఊళ్ళో వెజ్ భోజనం మీద ఆశ పెట్టుకోకండి. పులిహోర, పెరుగన్నం డబ్బాలే మమ్మల్ని ఆదుకున్నాయి.

మాంట్‌గోమరీ ఇంకో 40 మైళ్ళే కదా అని అదే రోజు కలపొద్దు. బానిసత్వం నాటి నుంచి నల్లజాతివాళ్ళ కథ చెప్పే అక్కడి లెగసీ మ్యూజియం, లించింగ్ (మూకలు పట్టుకుని చంపేయడం) మృతుల స్మారకం రెండూ చూడాలంటే విడిగా ఓ పూర్తి రోజు కావాలి. చిన్నపిల్లలతో అయితే ఆ స్మారకం గురించి ముందు ఇంట్లో కాస్త చెప్పి తీసుకెళ్ళండి.