యానిమాటిక్‌తో ఆరేళ్లు: కోర్సు వీడియోల ప్లానింగ్‌పై నా అనుభవం

యూనివర్సిటీ కోర్సుల కోసం నిమిషం, నిమిషంన్నర యానిమేషన్ ప్రచార వీడియోలు చేసే చిన్న టీములో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పటికి పదకొండు వీడియోలు అయ్యాయి. మొదటిది తప్ప మిగతా పదింటికీ అసలు పని మొదలుపెట్టే ముందు యానిమాటిక్ చేసుకున్నాం. ఈ బాధ్యత కొత్తగా నెత్తిన పడ్డవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని. నేను చెప్పే జవాబు ఎప్పుడూ యానిమాటిక్ దగ్గరే మొదలవుతుంది. అది ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ చాలలేదో ఇన్నేళ్లు వాడాక రాయాలనిపించింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్టోరీబోర్డు బొమ్మల్ని, అంటే కథను షాట్ల వారీగా చూపే బొమ్మల్ని, పెన్సిల్‌తో గబగబా గీసి, ఫోటోలు తీసి, వీడియో ఎడిటర్‌లో టైమ్‌లైన్ మీద వరసగా పేరుస్తాం. కింద మన గొంతుతోనే చదివిన స్క్రిప్టు పెడతాం. ఏ బొమ్మ ఎన్ని సెకన్లు నిలబడాలో అప్పుడు తెలుస్తుంది. బొమ్మల్ని గోడకు పిన్నులతో గుచ్చి కథ సరిచూసుకునే అలవాటు 1930ల మొదట్లో వాల్ట్ డిస్నీ స్టూడియోలో స్థిరపడింది. ఆ గోడకు గడియారం తగిలిస్తే వచ్చేదే యానిమాటిక్.

మొదటి వీడియోకి మేం అది చేయలేదు. స్క్రిప్టు మనసులో చదువుకుని అరవై సెకన్లే కదా అనుకున్నాం. ఆ లెక్కన సీన్లు పంచుకుని గీయడం మొదలుపెట్టాం. మూడు వారాల తర్వాత వాయిస్ ఓవర్ రికార్డు చేయిస్తే 82 సెకన్లు వచ్చింది. పైకి చదివేటప్పుడు ఊపిరి తీసుకోవాలి, వాక్యం చివర ఆగాలి, శాస్త్ర పదం వస్తే నిదానించాలి. మనసులో చదివితే ఇవేవీ ఉండవు. చివరికి పూర్తయిపోయిన రెండు సీన్లు తీసేశాం. మా టీములో ఒక అమ్మాయి ఎనిమిది రోజులు కూర్చుని గీసిన సీన్లు అవి. ఆమె ఒక్క మాటా అనలేదు. ఫైళ్లన్నీ వేరే ఫోల్డరులోకి మార్చి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

యానిమేషన్‌లో మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. మధ్య కదలికల్ని కంప్యూటరే నింపే పద్ధతిలో అన్ని గీయక్కర్లేదు గానీ, ప్రతి కదలికనూ ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాల్సిందే. అదే నిమిషానికి యానిమాటిక్ అయితే 18 నుంచి 22 బొమ్మలు చాలు. ఒక షాట్ నచ్చకపోతే ఇంకో కాగితం మీద గీసి మార్చడానికి పది నిమిషాలు పడుతుంది.

నాకు దీని మీద పూర్తి గురి కుదిరింది మాత్రం భూగర్భజల శాస్త్రం కోర్సు వీడియోతో. సిలబస్‌లో పన్నెండు యూనిట్లు ఉన్నాయి. ఆ కోర్సు చెప్పే మేడమ్ మొదటి రోజే, "పన్నెండూ రావాలండీ, ఏది వదిలేసినా పిల్లలకు కోర్సు అర్థం కాదు" అన్నారు. నేను వాదించలేదు. పన్నెండింటికీ పన్నెండు బొమ్మలు గీసి, తలా నాలుగు సెకన్లు ఇచ్చి, ఆవిడ గదిలోనే ల్యాప్‌టాప్‌లో వేసి చూపించాను. చూశాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చెప్పేది నేనే, అయినా నాకే ఒక్కటీ గుర్తుండలేదు" అన్నారు.

"మొదటి క్లాసులో ఏం చెప్తారు మేడమ్?" అని అడిగాను. ఒక వాన చుక్క నేల మీద పడ్డాక ఎక్కడికి పోతుందో చెప్తారట. రెండో యానిమాటిక్ మొత్తం ఆ ఒక్క చుక్కే. మట్టి, వేళ్లు, ఇసుక పొర, రాతి పగుళ్లు, చివరికి బావి. చుక్క ఇసుక పొరలో దిగే బొమ్మకు నేను మూడు సెకన్లు ఇచ్చాను. మేడమ్ అక్కడ ఆపించారు. అంత తొందరగా దిగదన్నారు. భూగర్భజలం రోజుకు ఒక అడుగు కదిలిందంటే వేగంగా పోతున్నట్టేనట. ఏడాదికి అడుగు, పదేళ్లకు అడుగు కదిలే చోట్లూ ఉన్నాయని చెప్పారు. టైమ్‌లైన్ మీద ఆ బొమ్మ అంచు పట్టుకుని ఐదు సెకన్లకు లాగాను. తర్వాత ఎనిమిది. పదకొండు దగ్గర ఆవిడ చెయ్యెత్తారు. "ఇక్కడ ఉంచండి. పైన ఒక మొక్క వేయండి. అది చెట్టయ్యేలోపు చుక్క ఇంత దిగాలి" అని చూపుడువేలి గోరు చూపించారు. నా దగ్గర పెన్సిల్ లేకపోతే ఆవిడ బల్ల మీదున్న నీలం పెన్నుతోనే మొక్క గీశాను.

ఆ పదకొండు సెకన్లూ మాటలు లేవు, చుక్క దాదాపు కదలదు. ప్రచార వీడియోలో అలాంటి షాట్ పెట్టే ధైర్యం కాగితం మీద స్క్రిప్టు చదివితే ఎవరికీ రాదు. కళ్లతో చూశాం కాబట్టి వచ్చింది. ఆ కోర్సు సారమంతా ఆ షాట్‌లోనే ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

టైమింగ్ గురించి తెలుగులో పనిచేసేవాళ్లకు ఒక జాగ్రత్త. నిమిషానికి 150 పదాలు అనే లెక్క ఇంగ్లీషుది. మన భాషలో విభక్తులూ క్రియా ప్రత్యయాలూ మాటకే అతుక్కుంటాయి, ఒక్కో మాట పొడవు. మా వీడియోల్లో నిమిషానికి 90 పదాలు దాటిందంటే చదివేవాళ్లు ఉరుకులు పరుగులే. అందుకే పదాలు లెక్కపెట్టడం మానేసి, స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదువుతాను.

పరికరాల విషయానికొస్తే పెద్దగా చెప్పేది లేదు. ఏ4 కాగితం మీద ఆరు గళ్లు, పెన్సిల్, ఫోన్. డిజిటల్‌గా గీసేవాళ్లకు క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో 5.0 వెర్షన్ నుంచి స్టోరీబోర్డు ప్యానెల్ ఉంది. బొమ్మలూ గొంతూ కలపడానికి బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోని వీడియో ఎడిటర్ వాడతాను. రెండూ ఉచితమే.

ఇక చాలని చోట్లు. కచ్చా బొమ్మలు చూసి అలవాటు లేనివాళ్లకు యానిమాటిక్ చూపిస్తే కంగారు పడతారు. ఒక మీటింగులో పుల్లల్లాంటి మనుషుల్ని చూసి, "ఫైనల్‌గా ఇలాగే ఉంటుందా?" అని అడిగారు. ఆ తర్వాత చర్చంతా బొమ్మల అందం మీదికి మళ్లింది, కథ మీద ఒక్క మాటా రాలేదు. అప్పటి నుంచి ఒకే ఒక్క ఫ్రేము పూర్తి రంగులతో చేసి ముందు అది చూపిస్తున్నాను. టెన్షన్ సగం తగ్గుతుంది.

కదలిక ఎలా ఉంటుందో కూడా ఇది చెప్పదు. నిలిచి ఉన్న బొమ్మగా మూడు సెకన్లు సరిపోయిన షాట్, కదిలించాక ఇరుకైపోయిన సందర్భాలు మాకు నాలుగైదున్నాయి. అనుమానం ఉన్న షాట్ ఒక్కదాన్ని ముందే కచ్చాగా కదిలించి చూసుకోవడం తప్ప వేరే దారి నాకు దొరకలేదు. ఇంకోటి, మన గొంతుకు మనం అలవాటు పడిపోతాం. అసలు వాయిస్ వచ్చాక యానిమాటిక్ మొత్తం మళ్లీ సర్దాలి. ఈ మెట్టు ఎవరైనా దాటేస్తామంటే నేను ఒప్పుకోను.

సంగీతం దగ్గర మరీ జాగ్రత్త. తాత్కాలికంగా పెట్టిన పాట అందరి చెవుల్లో నాటుకుపోతుంది, హక్కులు మాత్రం మనకు ఉండవు. వాడుకోగలిగినదే మొదటి నుంచీ పెట్టాలి. క్రియేటివ్ కామన్స్ సంగీతం, అంటే కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు ఇచ్చిన సంగీతం, తీసుకునేటప్పుడు ఎన్‌డీ (మార్చి పంచకూడదు) అని ఉంటే వదిలేయండి. సంగీతాన్ని వీడియోకి జోడించడం కూడా ఆ లైసెన్సుల ప్రకారం మార్పు కిందికే వస్తుంది. ఫీజు తీసుకునే కోర్సు కాబట్టి ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదు) ఉన్నవాటి జోలికీ నేను పోను.

స్టోరీబోర్డు గళ్లలోనే నేను మరో రెండు గీతలు గీస్తాను. కింది భాగంలో ఒకటి, అక్కడ సబ్‌టైటిల్స్ వస్తాయి కాబట్టి బొమ్మ ఉండకూడదు. చాలామంది ఫోన్‌లో సౌండ్ లేకుండా చూస్తారు, వినలేనివాళ్లూ చూస్తారు. రెండోది మధ్యలో నిలువు పెట్టె, వీడియోని నిలువుగా కత్తిరిస్తే ముఖ్యమైనది అందులో మిగలాలి. మెరుపులు, పిడుగుల లాంటి షాట్ ఉంటే తెర సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మెరవకూడదన్న డబ్ల్యూసీఏజీ (వెబ్‌లో ఉండేవి వైకల్యాలున్నవాళ్లకూ అందాలని రాసిన మార్గదర్శకాలు) నియమం అక్కడే పక్కన రాసుకుంటాను. మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

అడ్మిషన్ తేదీ, ఫీజు, లోగో చివరి నాలుగు సెకన్ల కార్డులో మాత్రమే పెడతాం. లోగో ముందు రావాలని ప్రతిసారీ అడుగుతారు. రెండు రకాలుగా యానిమాటిక్ చేసి చూపిస్తాను, చూశాక ఎవరూ పట్టుబట్టలేదు. వాన చుక్క వీడియో ఇది నాలుగో ఏడాది నడుస్తోంది, ఆ నాలుగు సెకన్లు తప్ప ఏమీ మార్చలేదు.

ఇప్పుడు గణాంకశాస్త్రం కోర్సుకు పన్నెండోది మొదలైంది. మూడు యానిమాటిక్‌లు అయ్యాయి. ఏడో బొమ్మ దగ్గర సార్ ఇంకా తల అడ్డంగా ఊపుతున్నారు, నాకూ అది కుదరలేదనే ఉంది. రేపు ఉదయం మళ్లీ కూర్చుంటున్నాం. కాగితాల మీద గళ్లు గీసి పెట్టుకున్నాను.