అయిదేళ్లుగా వింటున్న పాత పాటల ఛానెల్: రచయిత పేరు దగ్గర వచ్చిన పేచీ

పాత తెలుగు సినిమా పాటలు తప్ప మరేమీ ప్రసారం చేయని ఒక ఇంటర్నెట్ రేడియో ఛానెల్‌ను నేను అయిదేళ్లుగా, రోజుకు ఆరేడు గంటలకు తగ్గకుండా వింటున్నాను. నా వృత్తి ప్రూఫులు దిద్దడం. కళ్లకూ చేతికీ క్షణం తీరిక దొరకని ఈ పనిలో ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. కొత్త పాట వినిపిస్తే బుద్ధి దాని మాటల వెంట పోతుంది, ఆ సందులో ఒక వత్తో ఒక దీర్ఘమో కన్నుగప్పి జారుకుంటుంది. కంఠతా వచ్చిన పాట అయితే ఇంట్లో మనిషి అటూ ఇటూ తిరుగుతున్నట్లు ఉంటుందే తప్ప పనికి అడ్డం రాదు. ఛానెల్ పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. యాప్ ఎలా తెరవాలి, డేటా ఎంత ఖర్చవుతుంది వంటి సంగతులు వినేవారందరికీ తెలిసినవే కనుక వాటినీ వదిలేస్తున్నాను. నేను చెప్పదలచినదంతా పాటకు ముందూ వెనుకా మాట్లాడే మనిషి గురించే.

మొదటి ఏడాది ఈ ఛానెల్‌ను నేను పొగడని చోటు లేదు. మేముండే సందులో వివిధభారతి 102.8 గరగర లేకుండా వినాలంటే సెట్టును కిటికీ ఊచలకు ఆనించి, ఏరియల్‌ను గోడ వైపు వంచి, ఆపైన ఎవరూ దాన్ని కదపకుండా కాపలా కాయాలి. ఫోనులో ఆ బెడద లేదు. ఘంటసాల గొంతు పక్క గదిలోంచి వస్తున్నంత స్పష్టంగా వినిపించేసరికి బంధువులందరి ఫోన్లలోనూ నేనే దగ్గరుండి ఆ యాప్ ఎక్కించాను. ధ్వని గురించి అప్పుడన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. అయితే అదే ఊపులో ‘మనకు కావలసిన పాటలన్నీ ఇందులో ఉన్నాయి’ అని కూడా అన్నట్లు గుర్తు; ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోక తప్పదు.

అన్నీ లేవు. ఒక వారం పాటు చిత్తుకాగితం మీద రాసుకుంటూ వింటే, ఒకే పాట నాలుగుసార్లు, అదీ దాదాపు ఒకే వేళకు వచ్చింది. ఇటువంటి ఛానెళ్లు శ్రోత వేలు పక్క బొత్తాము మీదికి పోకుండా ఉండేందుకు, వినగానే తలూపే కొద్దిపాటి పాటలను మాత్రమే జాబితాగా పెట్టుకుంటాయి. ఏ పాట తర్వాత ఏది రావాలో, ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే రాకుండా ఎంత ఎడం ఉండాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అందువల్ల ఘంటసాల, సుశీల యుగళగీతాలకు కొదవ ఉండదు గానీ, లీల, జిక్కి, జమునారాణి, ఏ.పి. కోమల, రావు బాలసరస్వతి వంటివారు పండుగకు వచ్చిన చుట్టాల్లా ఎప్పుడో ఒకసారి కనబడి పోతారు. పద్యం అసలే రాదు. సినిమాది కాదు గనుక కాబోలు, కరుణశ్రీ రాసి ఘంటసాల పాడిన పుష్పవిలాపం అయిదేళ్లలో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. పైపెచ్చు, ఈ మధ్య 1990ల నాటి పాటలూ పాతవాటి కింద చేరాయి. దాన్ని తప్పు పట్టలేను; వాటితో పెరిగిన పిల్లలకు నలభై దాటాయి.

ఇవేవీ నా అసలు ఫిర్యాదు కావు. పాత పాటల్లో చాలావాటికి పల్లవి కంటే ముందు తాళం లేకుండా సాగే సాకీ ఒకటి ఉంటుంది. పాట ఏ మనసుతో వినాలో ఆ ఒక్క పాదమే చెబుతుంది. ఈ ఛానెల్ మధ్యాహ్నపు వ్యాఖ్యాతకు అది ఖాళీ స్థలంగా కనబడుతుంది. వీణ మీటు పడి సాకీ ఎత్తుకున్న క్షణంలో ఆయన కాఫీ గురించో, తొలిప్రేమ గురించో మాట్లాడుతూ ఉంటాడు. మాట ముగిసేసరికి పల్లవి రెండో పాదంలో ఉంటాము. చివర కూడా అంతే, ఆఖరి చరణం తర్వాత పల్లవికి తిరిగి రాకముందే స్వరం సన్నగిల్లి ప్రకటన మొదలవుతుంది. అప్పట్లో 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్కన పట్టేదే మూడు, మూడున్నర నిమిషాలు. సినిమాలో ఉన్న చరణాలు కొన్ని రికార్డులోకి రాకపోవడం అందువల్లనే. అలా ఒకసారి కోతపడి వచ్చిన పాటను మళ్లీ రెండు వైపులా కోయడం ఏం న్యాయమో నాకు తెలియదు.

అంతసేపు మాట్లాడే ఆ మనిషి చెప్పవలసిన నాలుగు ముక్కలు మాత్రం చెప్పడు. ఆకాశవాణి అనౌన్సర్లు పాటకు ముందు చిత్రం పేరు, గానం, రచన, సంగీతం వరుసగా చెప్పి తప్పుకునేవారు. జనరంజనిలో కోరినవారి పేర్లూ ఊళ్లూ గుక్క తిప్పుకోకుండా చదివినా ఆ వివరాలు మాత్రం వదిలేవారు కారు. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టినప్పుడు శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. వారిని వెనక్కి రప్పించడానికి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. ఆ తర్వాత కూడా చాలా ఇళ్లలో రెండు స్టేషన్లూ నడిచాయి. మా అమ్మ తెనాలిలో ఆడపిల్లగా ఉన్న రోజుల్లో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతును ఇప్పటికీ అనుకరించి చూపుతుంది. తెర మీద పేర్లు గబగబా వెళ్లిపోయేవి, అవి చదివేలోపు టార్చిలైటు మనిషి అడ్డం వచ్చేవాడు. పింగళి, సముద్రాల, కొసరాజు, దాశరథి అన్న పేర్లు మావంటి ఇళ్లకు చేరింది రేడియో వల్ల, హాలు ముందు అమ్మే పాటల పుస్తకం వల్ల. సినిమా చూడని మనిషి కూడా ఏ పాట ఎవరిదో ఠక్కున చెప్పగలిగేవాడు.

ఇక నాకు జరిగిన నష్టం సంగతి. మూడేళ్ల కిందట, శ్రావణమాసంలో అనుకుంటాను, మధ్యాహ్నపు వ్యాఖ్యాత ఎన్నడూ లేనిది ఒక రచయిత పేరు చెప్పాడు. ‘బయట సన్నగా చినుకులు పడుతున్నాయి, చేతిలో వేడి వేడి కాఫీ ఉంది, ఇప్పుడు మన మనసు కవి ఆత్రేయ గారు మనసు పెట్టి రాసిన పాట’ అంటూ గొంతు సవరించుకుని ‘మనసున మనసై’ వినిపించాడు. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ కోసం సాలూరి రాజేశ్వరరావు స్వరపరచగా ఘంటసాల పాడిన ఆ పాటను రాసినది శ్రీశ్రీ. మనసు అన్న మాట వినబడితే చాలు ఆత్రేయ ఖాతాలో వేసే అలవాటు మనవాళ్లలో పాతదే. ఆ రోజు నేను నవ్వుకుని ఊరుకున్నాను. అయితే ఆ మాట ఆ తర్వాత కూడా నాలుగైదుసార్లు వచ్చింది, పని మధ్యలో వచ్చింది, తల ఎత్తకుండానే విన్నాను. అలా విన్న మాట ఎక్కడికి దిగుతుందో మనకు తెలియదు.

ఆ సంక్రాంతికి కాస్త ముందు ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడి వ్యాససంపుటి నా బల్ల మీదికి వచ్చింది. రెండో ప్రూఫు, పొద్దున్నుంచి ఎనభై పేజీలు దిద్ది ఉన్నాను. ‘మనసున మనసై’ ప్రస్తావన ఉన్న పంక్తి దగ్గర నా చెయ్యి దానంతట అదే ఆగి, మార్జిన్‌లో పెన్సిలుతో ‘ఆత్రేయ కదా?’ అని రాసి కింద గీత కూడా గీసింది. రెండు రోజుల తర్వాత ఆయన ఫోను చేశారు. కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. ‘ఏమండీ, వ్యాసమే శ్రీశ్రీ సినిమా పాటల మీద అయినప్పుడు మధ్యలోకి ఆత్రేయ ఎందుకు వస్తాడు? మీరు ఎక్కడైనా చూశారా?’ అని మెల్లగా అడిగారు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, రేడియోలో విన్నానని చెప్పడానికి నోరు రాలేదు. పొరపాటు పడ్డాను సార్ అని ఫోను పెట్టేశాను. ఆ పుస్తకం తర్వాత ఆయన మళ్లీ నాకు పని పంపలేదు. దానికి కారణం ఇదే అని గట్టిగా అనలేను గానీ, కాదని సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

ఆ రాత్రే ఛానెల్‌వారికి పాట వివరాలతో, వీలైనంత మర్యాదగా, ఒక ఉత్తరం రాశాను. సూచనకు ధన్యవాదాలనీ, సంబంధిత విభాగానికి పంపామనీ మరునాడు జవాబు వచ్చింది. నెల గడిచింది, రెండు గడిచాయి, పాట వస్తూనే ఉంది గానీ ముందు మాట లేదు, సరిచేశారనుకుని సంతోషించాను. తర్వాత మే నెలాఖరు, రోళ్లు పగిలే రోహిణి కార్తె, మధ్యాహ్నం మూడు గంటలు, ఫ్యాను తిప్పేది కూడా వేడిగాలినే. ఫోనులోంచి అదే గొంతు, అదే తూకంలో: ‘బయట సన్నగా చినుకులు పడుతున్నాయి, చేతిలో వేడి వేడి కాఫీ ఉంది.’ ఆత్రేయ పేరు దగ్గర అదే సవరింపు, అదే చోట. అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆయన అక్కడ లేడు. ఏనాడో ఒక పూట కూర్చుని కొన్ని పదుల మాటల తునకలు రికార్డు చేసి వెళ్లి ఉంటాడు. వాటిని పాటల మధ్య అతికించి తిప్పుతున్నారు. నేను ఉత్తరం రాసింది ఒక డబ్బాకు. చినుకులు చూసుకోని యంత్రానికి శ్రీశ్రీ అయితేనేమి, ఆత్రేయ అయితేనేమి?

న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలి భర్తకు ఈ సంగతి చెబితే, తమ ఊళ్లో మనుషులనే తీసేశారని ఆయన నవ్వారు. న్యూయార్క్‌లో పాత పాటలకు పేరుపడ్డ డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 101.1 స్టేషను 2005 జూన్ 3న ఉన్నట్లుండి ఆ పాటలనూ, ఏళ్ల తరబడి పలికిన వ్యాఖ్యాతలనూ పక్కన పెట్టి, మనిషి లేకుండా పాటలు కలగలిపి వేసే పద్ధతికి మారింది. శ్రోతలు దాన్ని మెచ్చలేదు, 2007 జూలై 12న పాత పద్ధతికి తిరిగి వచ్చింది. అప్పట్లో కారులో ఆఫీసుకు వెళ్తూ ఆయన ఆ మార్పు రెండుసార్లూ విన్నారట. ఆ పాటలు ఆయనకు కొత్త, అర్థం సగమే తెలిసేది. అయినా మధ్యలో పలికే గొంతులు లేని రెండేళ్లూ కారులో బోసిగా అనిపించిందని అన్నారు.

అంతా ఇలాగే ఉంటే నేను అయిదేళ్లు వినేవాణ్ణి కాదు. ఇదే ఛానెల్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదికి ఒకావిడ వచ్చేది. పాట మీద మాట్లాడేది కాదు, పాట పూర్తిగా ఆగిన తర్వాత రెండు క్షణాలు మౌనం వదిలి అప్పుడు చిత్రం, రచన, సంగీతం చెప్పేది. ఒకసారి ఒక పాటకు సంగీతం పెండ్యాలదని తాను గతవారం చెప్పాననీ, ఒక శ్రోత తన దగ్గరున్న పాటల పుస్తకం ఫొటో పంపితే తప్పు తెలిసిందనీ, క్షమించమనీ చెప్పి, అదే పాటను సరైన పేరుతో మళ్లీ వినిపించింది. ప్రూఫు దిద్దేవాడికి ఇంతకన్నా తీపి కబురు ఉండదు. దిద్దుబాటు అచ్చులోనే అరుదు, గాలిలో నేను విన్నది అదొక్కటే. ఆ కార్యక్రమాన్ని నిరుడు సోమవారం తెల్లవారుజామున అయిదింటికి మార్చారు. అలారం పెట్టుకుని నాలుగు వారాలు విన్నాను, అయిదో వారం ఆవిడ రాలేదు, చినుకుల మనిషి వచ్చాడు.

ఇన్ని చెప్పాక ఈ ఛానెల్ వినవద్దని తేల్చేయడం సులువే గానీ, తెనాలిలో ఒంటరిగా ఉండే మా అమ్మ అందుకు అడ్డుపడుతుంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో గడప దాటదు. నేను కొనిచ్చిన చిన్న స్పీకరులో పొద్దస్తమానం ఇదే మోగుతుంది. ఆవిడకు నచ్చినది, నాకు గిట్టని ఆ మధ్యాహ్నపు వ్యాఖ్యాతే. అతను ‘భోంచేశారా’ అంటే ‘ఆఁ, అయింది నాయనా’ అంటుంది. అతను అక్కడ లేడనీ, అవన్నీ ఎప్పుడో రికార్డు చేసినవనీ పోయిన దసరాకు వెళ్లినప్పుడు కాస్త ఉక్రోషంగానే చెప్పాను. ‘పాటలు మాత్రం రికార్డులు కావేమిట్రా?’ అంది. నాకు జవాబు తోచలేదు.

కాబట్టి నా తీర్పు నా పరిస్థితికి మాత్రమే వర్తిస్తుంది. చేతిలో పని ఉండి నేపథ్యంలో పాట కావలసినవారికి, ఇంట్లో మాట వినిపించడం కావలసినవారికి ఇది బాగానే ఉంటుంది. పాట ఎవరిదో తెలుసుకోవాలని వినేవారు సెట్టును కిటికీకి ఆనించుకుని వివిధభారతి పట్టుకోవడమే మేలు. నేను పగలు దీన్నే వింటున్నాను, ప్రకటనలు రాకుండా ఏడాది చందా కూడా అమ్మ కోసం మళ్లీ కట్టాను. రేడియోలో విన్న పేరును మాత్రం పుస్తకంలో చూసుకోకుండా మార్జిన్‌లో రాయడం మానేశాను.

మొన్న ఫోనులో మందులు, కరెంటు బిల్లు, పాలవాడి లెక్క అన్నీ అయ్యాక అమ్మ చివర్లో చెప్పింది: ‘మీవాడు ఇవాళ మళ్లీ ఆత్రేయ అన్నాడ్రా. కాదు నాయనా, శ్రీశ్రీ, అని చెప్పాను.’