గవర్నరుపేటలో సృష్టి, సైన్సు తరగతులు: ఒక గుంటూరు టీచరు సమీక్ష

గుంటూరులో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే నన్ను ఒక పిల్లవాడు, “టీచర్, పరీక్షలో డార్విన్ అని రాసి, ఇంట్లో బ్రహ్మదేవుడు అంటే తప్పా?” అని అడిగితే ఆ రోజు తిన్నగా జవాబు చెప్పలేకపోయాను. విజయవాడ గవర్నరుపేటలో, ఒక మేడమీది హాలులో, సృష్టి గాథలు, విజ్ఞానశాస్త్రం అనే అంశంపై నాలుగు ఆదివారాలు తరగతులు జరుగుతాయని తెలిసి, 1,200 రూపాయలు కట్టి చేరడానికి కారణం ఆ ప్రశ్నే. పదవీ విరమణ చేసిన భూగర్భశాస్త్ర అధ్యాపకులు ఒకరు, సంస్కృత పండితులు ఒకరు పాఠాలు చెప్పారు.

మొదటి ఆదివారం ఒక్కటే రుసుములో సగానికి సరిపోయింది. పండితులుగారు ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తాన్ని, అంటే నాసదీయ సూక్తంలోని ఏడు ఋక్కులను, స్వరంతో చదివి పదం పదం విడదీసి అర్థం చెప్పారు. దేవతలు కూడా సృష్టి తరువాత పుట్టినవారే కాబట్టి ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసునని ప్రశ్నించి, పరమ వ్యోమంలో ఉండి దీన్ని చూస్తున్నవాడికి తెలిసి ఉండవచ్చు, లేదా ఆయనకూ తెలియకపోవచ్చు అంటూ ఆ సూక్తం ముగుస్తుంది. చివరి ఋక్కు దగ్గర ఆయన కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుంటూ, “ఇక్కడ ఋషి జవాబు చెప్పలేదండీ. చెప్పినట్టుగా మనం కలపకూడదు” అన్నారు.

రెండో వారం అధ్యాపకులు బెజవాడ కొండల్లో దొరికే ఖొండలైటు రాయి ఒకటి తెచ్చి చేతుల మీదుగా అందరికీ తిప్పారు. తుప్పు రంగు రాతిలో దానిమ్మ గింజల్లా గార్నెట్లు మెరుస్తున్నాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన పూర్వం నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఉడికి ఇలా మారిందని ఆయన చెబుతుండగా, సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, “మాస్టారూ, కృష్ణమ్మ పొంగి అమ్మవారి ముక్కుపుడకను అందుకుంటుందంటారే, అది జరిగేదేనా?” అని అడిగారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినా కొండ మీది గుడి ఎత్తుకు నీరు రాలేదని వివరించి, “ఆ మాట నీటిమట్టం లెక్క చెప్పడానికి పుట్టింది కాదమ్మా. ఏటిని తేలిగ్గా తీసుకోవద్దని పెద్దవాళ్లు చెప్పుకున్నది” అన్నారాయన. “మా ఇల్లు ముంచింది కృష్ణమ్మ కాదు బాబూ, బుడమేరు. దాని సంగతి ఏ పెద్దవాళ్లూ చెప్పలేదు” అని ఆవిడ అనేసరికి హాలంతా నవ్వులు.

నా ఫిర్యాదంతా మూడో వారం మీదే. అతిథిగా వచ్చిన ఒక వక్త, బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు అని రెండు అంకెలనూ తెర మీద పక్కపక్కన పెట్టి, మన ఋషులకు అంతా ముందే తెలుసని తేల్చేశారు. మనం ఏ పూజకు కూర్చున్నా చెప్పుకునే సంకల్పమే ఆ లెక్కను ఒప్పుకోదు. బ్రహ్మ పగటిని పద్నాలుగు భాగాలుగా చేసే మన్వంతరాలలో ఏడోదైన వైవస్వతంలో ఉన్నామంటే బ్రహ్మదేవుడికి ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు. సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం ప్రకారం ఈ కల్పం, అంటే బ్రహ్మ పగలు, మొదలై సుమారు 197 కోట్ల ఏళ్లే అయింది. ఇక 454 కోట్లు అనేది ఎవరో దర్శించి చెప్పిన అంకె కాదు. 1956లో అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కాశిలల్లోని సీసం ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న సీసం పరమాణువులను, కొలిచి దాదాపు ఆ అంకెనే రాబట్టారు. కొలత మెరుగైతే అది మారవచ్చు కూడా. అలా మారిన రోజున ఋషుల లెక్కను కూడా సవరిస్తామా? పండితులుగారు ఆ సేపంతా పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. దశావతారాలే పరిణామ క్రమం అన్న మాట కూడా అదే వరసలో వచ్చింది. చేప నుంచి తాబేలు, తాబేలు నుంచి పంది పుట్టాయని పరిణామ సిద్ధాంతం ఎక్కడా అనదని, అది కొమ్మలు చీలే చెట్టే తప్ప మెట్ల వరస కాదని నేను లేచి చెప్పాల్సి వచ్చింది.

ఆ పూటను నిలబెట్టింది తరువాత అధ్యాపకులు చెప్పిన జార్జి లెమైట్ర్ కథ. బెల్జియంకు చెందిన ఈ కాథలిక్ మతగురువు విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే ప్రతిపాదించి, 1931లో విశ్వమంతా ఒకే ఆదిమ పరమాణువు నుంచి మొదలైందన్న భావనను ముందుకు తెచ్చారు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని బైబిల్ సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడితే, సంతోషించవలసిన లెమైట్రే అది తగదని, తన సిద్ధాంతం మత ప్రశ్నల జోలికి పోదని అన్నారు. నా పక్కన కూర్చున్న పాస్టరుగారు ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నారు. అతిథి వక్త అప్పటికే వెళ్లిపోయారు.

నాలుగో వారం ఉండవల్లి గుహలకు తీసుకెళ్లారు గానీ, బస్సు ఆలస్యంగా బయలుదేరడంతో అనంతపద్మనాభుడి ముందు పావుగంట కూడా నిలవనివ్వలేదు. హాలులో మైకు గరగరలు, ఇరుకు మెట్లు పెద్దవారికి ఇబ్బందే. ఇచ్చిన జిరాక్సు నోట్సులో 432 కోట్లు కాస్తా 4.32 కోట్లుగా అచ్చయింది, పెన్నుతో దిద్దుకోమన్నారు. తరువాతి బ్యాచ్ పెడితే మా పదో తరగతి పిల్లలను మొదటి రెండు వారాలకు తప్పకుండా తీసుకెళ్తాను. మూడో వారానికి మాత్రం ఆ స్లైడు తీసేశారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుంటాను.