ఫ్రీ కన్సల్టెన్సీ సర్వీసు రివ్యూ: కాగితాల పనికి నాలుగు, యూనివర్సిటీ లిస్టుకి ఒకటిన్నర

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్లోనైనా, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలోనైనా, బస్సు దిగి దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా ఫారిన్ చదువుల కన్సల్టెన్సీలో దొరికే సరుకు ఇంచుమించు ఒకటే. బోర్డు మీద 'ఫ్రీ' అని ఉంటుంది. లోపల కౌన్సిలర్ మార్కుల మెమో తిరగేసి, బ్యాక్‌లాగ్స్ ఎన్ని అని అడిగి, పావుగంటలో ఒక కాగితం ప్రింటు తీసిస్తాడు. ఆరో ఎనిమిదో యూనివర్సిటీల పేర్లు, వాటి పక్కన 'సేఫ్', 'మోడరేట్', 'యాంబిషియస్'. ఈ రివ్యూ ఏ ఒక్క ఆఫీసు గురించీ కాదు, ఆ కాగితం గురించి, దాంతోపాటు వచ్చే మిగతా పనుల గురించి. అయిదు మార్కులకు కాగితాల పనికి నాలుగు వెయ్యొచ్చు. లిస్టుకి ఒకటిన్నర దాటదు.

ఎందుకు ఒకటిన్నర అంటే, ఆ ఆఫీసు అద్దె కట్టేది మీరు కాదు. పిల్లవాడు చేరాక మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం యూనివర్సిటీ కమిషన్‌గా ఇస్తుంది. అమెరికాలో సొంత దేశం పిల్లల్ని తలకింత అని కమిషన్ మీద చేర్పించుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, కానీ ఫెడరల్ సాయం అందని విదేశీ విద్యార్థుల విషయంలో మినహాయింపు ఉంది. కాబట్టి ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. చిక్కల్లా లిస్టులో ఎవరుంటారన్న దగ్గర. కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ ఎంత మంచిదైనా ఆ కాగితం మీదికి రావడం అరుదు, వచ్చినా 'యాంబిషియస్' కింద ఒకటి. "తమ్ముడూ, నీ ప్రొఫైల్‌కి ఇదే బెస్టు, అప్లికేషన్ ఫీజు కూడా లేదు" అన్నారంటే ఆ ఫీజు ఎందుకు లేదో అడగండి. సాధారణంగా అది వాళ్లకు కమిషన్ ఇచ్చే పార్ట్‌నర్ యూనివర్సిటీ కాబట్టే.

కాగితం మీద పేరు, ఊరు, ఏడాది ఫీజు ఉంటాయి. డిగ్రీకి ఎన్ని క్రెడిట్లో (కోర్సుల్ని కొలిచే యూనిట్లు, ఫీజు వీటి లెక్కనే), క్రెడిట్‌కి ఎంతో ఉండదు. అసలు లెక్క అక్కడే ఉంది. ఒకచోట క్రెడిట్ 600 డాలర్లు, డిగ్రీకి 36 క్రెడిట్లు అనుకోండి: 21,600. ఇంకోచోట 900 డాలర్లు, 30 క్రెడిట్లు: 27,000. కౌన్సిలర్ మొదటిదే చవక అంటాడు. కానీ సెమిస్టర్‌కి 9 చొప్పున 36 క్రెడిట్లకు నాలుగు సెమిస్టర్లు. రెండోచోట 9, 9, 12 తీసుకునే ఓపిక ఉంటే మూడింట్లో అయిపోతుంది. గదికి, తిండికి నెలకు 1,000 డాలర్లు పట్టుకున్నా మిగిలిన ఆ సెమిస్టర్ ఖర్చుతోనే 5,400 తేడా చాలావరకు పూడిపోతుంది. ఉద్యోగం వేట కూడా ఒక సెమిస్టర్ ముందే మొదలవుతుంది.

మెకానికల్, సివిల్, ట్రిపుల్‌ఈ చదివి కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అడ్మిట్ లెటర్‌లో 'కండిషనల్' అని ఉంటే కింద చిన్న అక్షరాల్లో బ్రిడ్జి కోర్సులుంటాయి: డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటివి. ఇవి డిగ్రీ క్రెడిట్ల లెక్కలోకి రాకపోవచ్చు, డబ్బులు మాత్రం కట్టాల్సిందే. మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు పడితే ఒక సెమిస్టర్ అదనం అనుకోండి. అప్లై చేసేముందే డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి సిలబస్ జతచేసి మెయిల్ పెట్టి ఏవి పడతాయో అడిగితే సాధారణంగా జవాబిస్తారు. ఈ మెయిల్ పెట్టమని చెప్పే కన్సల్టెన్సీ దొరికితే ఇంకో అర మార్కు కలుపుకోండి.

ఐ-20 (వీసా కోసం అమెరికా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికొచ్చాక సంబరం కాసేపు ఆపి మొదటి పేజీ నిదానంగా చదవండి. మేజర్ పేరు పక్కన చుక్కతో ఆరంకెల కోడ్ ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ అయితే 11.0701. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలా, ఇంకో 24 కలిసి మొత్తం 36 నెలలా అన్నది డిగ్రీ పేరును బట్టి కాదు, ఈ కోడ్‌ని బట్టి. మేనేజ్‌మెంట్ వైపు వెళ్లేవాళ్లే ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ: 52.0201 బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, స్టెమ్ (ఆ 24 నెలలు కలిసే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ జాబితా) కాదు. 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్, స్టెమ్. పక్కపక్క యూనివర్సిటీల్లో దాదాపు ఒకే సిలబస్‌కి ఈ రెండు కోడ్‌లూ కనిపిస్తాయి. ఆ కిందే ఖర్చుల అంచనా ఉంటుంది, అది 9 నెలలకా 12 నెలలకా అని కూడా రాసి ఉంటుంది. ఒకదానిది 9, ఇంకోదానిది 12 అయినప్పుడు రెండు ఐ-20లు పక్కపక్కన పెట్టి "ఇది చవక" అనుకోవడం మన దగ్గర చాలా మామూలు పొరపాటు.

'డే వన్ సీపీటీ', అంటే చదువుతూనే మొదటి రోజు నుంచి పని అనుమతి అని ఊరించే కాలేజీలు లిస్టులో ఉంటే జర ఆగండి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడితే ఆ డిగ్రీ మీద ఓపీటీ పోతుంది. మొదటి రోజు నుంచి సంపాదన అని చెప్పే నోరు ఈ మాట చెప్పదు.

"ఐ-20 ఇస్తున్నారంటే గవర్నమెంటు గుర్తింపు ఉన్నట్టే కదా" అన్నది ఇంకో భ్రమ. ఐ-20 ఇచ్చే అనుమతి వేరు, అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు గుర్తింపు సంస్థ వేసే ముద్ర) వేరు. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీకి ఆ అనుమతి ఉండేది. 2011 జనవరిలో దాన్ని మూసేస్తే ఇరుక్కున్నవాళ్లలో ఎక్కువ మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు, కొందరి కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు కూడా కట్టారు. అక్రెడిటేషన్‌ని అమెరికా విద్యాశాఖ డాపిప్ డేటాబేస్‌లో పేరు కొట్టి రెండు నిమిషాల్లో చూడొచ్చు. అదొక్కటే చాలదు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్, అమెరికా అధికారులే వల వేయడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అది గుర్తింపు సంస్థ జాబితాలోనూ కనిపించింది. అక్కడ లేనివి రెండే: క్లాసులు, చెప్పే పంతుళ్లు. అందుకని డిపార్ట్‌మెంట్ ఫ్యాకల్టీ పేజీ, ఈ సెమిస్టర్ క్లాస్ షెడ్యూల్ తెరిచి చూడండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటి షెడ్యూల్ లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. క్యాటలాగ్‌లో నలభై కోర్సులుండి షెడ్యూల్‌లో ఆరే నడుస్తుంటే సంగతి అక్కడే అర్థమవుతుంది.

లిస్టులో రాని ఇంకో లాభం: టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే బయటివాళ్లకు కూడా ఆ రాష్ట్రం వాళ్ల ఫీజే వేసే వెసులుబాటు ఉంది. స్కాలర్‌షిప్ అప్లికేషన్ చాలాచోట్ల వేరే ఫారం, వేరే గడువు. అడ్మిషన్‌తోపాటు అదే వస్తుందని కూర్చుంటే రాదు.

జర్మనీ అడిగితే మొహాలు మారతాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి ట్యూషన్ ఫీజే లేనప్పుడు కమిషన్ ఎక్కడిది? అందుకే ఫీజు ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలు చూపిస్తారు, లేదా సర్వీసు చార్జీ అడుగుతారు. ఈ పని సొంతంగా చేసుకోవచ్చు. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని జర్మనీ వైపు నుంచి ఇచ్చేది), 18,000 రూపాయలు, వారాలు పడుతుంది కాబట్టి మొదట దీనికే పెట్టాలి. తర్వాత చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు చూసే యూని-అసిస్ట్, మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ఒక్కోదానికి 30. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అనే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు. మీ మార్కుల్ని వాళ్ల గ్రేడ్‌లోకి మార్చే లెక్క ఇదీ: గరిష్ఠ మార్కుల్లోంచి మీ మార్కులు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పాస్ మార్కు 40 అయితే 70 శాతం అంటే 2.5, అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. చాలా కోర్సుల కటాఫ్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి 68 శాతానికి, 71 శాతానికి మధ్య చాలా దూరం. అన్నిచోట్లా ఫీజు లేదనుకోవద్దు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు, టీయూ మ్యూనిక్‌లో మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000.

యూకే విషయంలో కన్సల్టెన్సీలు నిజంగా ఉపయోగం, అక్కడ ఏజెంట్ల వ్యవస్థ బాహాటంగానే నడుస్తుంది. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఇండియా ప్రతినిధుల పేజీలో ఈ ఆఫీసు పేరుందో లేదో చూసుకోండి. రెండు మాటలు మాత్రం గట్టిగా పట్టుకోవాలి. చూపించే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. వడ్ల పైసలు పడ్డాయని కలిపి చూపించి, మధ్యలో ఎరువులకని ఒక్కరోజు తీసి నిల్వ తగ్గినా వీసా పోతుంది. రెండోది, చదువయ్యాక రెండేళ్లు ఉండొచ్చని ఇంకా చెప్తుంటారు. 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు అది 18 నెలలే, అంటే 2026 సెప్టెంబర్‌లో ఏడాది మాస్టర్స్‌కి చేరేవాళ్లకు కూడా అంతే.

లోన్ దగ్గర మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. నాలుగెకరాల పట్టా పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్తే చాలావరకు వద్దంటారు. అప్పు మొండికేస్తే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే. మున్సిపాలిటీలో ఇల్లు, డీటీసీపీ అప్రూవల్ ఉన్న లేఅవుట్‌లో ప్లాటు అయితే చూస్తారు. కన్సల్టెన్సీతో టైఅప్ ఉన్న ఫైనాన్స్ కంపెనీ తాకట్టు లేకుండా ఇస్తుంది, వడ్డీ ఎక్కువ. బ్యాంకు తాకట్టు లోన్ ఎంతకొస్తుందో ముందు తెలుసుకుని, ఆ అంకెను బట్టి లిస్టులో పేర్లు కొట్టేసుకోవాలి గానీ లిస్టు పట్టుకుని లోన్‌కి తిరగొద్దు. 'ఖాతాలో బ్యాలెన్స్ మేం చూపిస్తాం' అన్న ఆఫీసు నుంచి లేచి వచ్చేయండి. తప్పుడు కాగితమని తేలితే అమెరికా వీసా గుమ్మం జీవితాంతం మూసుకుపోవచ్చు, సంతకం మీది కాబట్టి కౌన్సిలర్‌కి ఏమీ కాదు.

విదేశీ చదువుకు ప్రభుత్వ సాయం, తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి, ఈ-పాస్ వెబ్‌సైట్‌లో పెట్టుకునేది. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరిట, 20 లక్షల వరకు, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు. డబ్బు రెండు విడతలు: అక్కడ దిగాక ఒకటి, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత ఇంకోటి. కాబట్టి మొదటి ఫీజు, విమానం టికెట్ ముందు మీ జేబులోంచే. పథకం వర్తించే దేశాల జాబితా ఉంది, దేశం ఖాయం చేసుకునేముందే అది చూడాలి.

ఇక నాలుగు మార్కులు దేనికంటే: జేఎన్‌టీయూ ట్రాన్స్‌క్రిప్టులు, సీల్డ్ కవర్లు, అమెరికా వీసా ఫారం డీఎస్-160 నింపడం, విదేశీ విద్యార్థుల రికార్డుకు తీసుకునే 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టడం, వీసా స్లాట్ కోసం రాత్రుళ్లు కూర్చోవడం. రోజూ చేసే చేతులు కాబట్టి తప్పులు తక్కువ. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే ఉత్తరం) మాత్రం వాళ్లకు వదలొద్దు. 'చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఆసక్తి' అని మొదలయ్యే ఆ మూస ఒకే కాలేజీ నుంచి పదిమందికి వెళ్తుంది.

అప్లికేషన్లకు మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీవే అయి ఉండాలి, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. వాళ్లు తెరిచిన మెయిల్ అయితే పార్ట్‌నర్ కాని చోటు నుంచి వచ్చిన అడ్మిట్ మీ దాకా రాకపోవచ్చు. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్), ఓడీ (డిగ్రీ పట్టా) ఒరిజినల్స్ ఇంట్లో బీరువాలోనే ఉంచండి. ఆఫీసుకి జిరాక్సులు చాలు.