నల్లపొగ తగ్గాలంటే పిస్టన్ మేలా, ఇంధనం మేలా?

డీజిల్ ఇంజన్‌లో నాజిల్ (ఇంధనం చిమ్మే మొన) నుంచి దూసుకొచ్చే ధార నడుమ డీజిల్ చిక్కగా ఉంటుంది, గాలి చాలదు. పూర్తిగా మండడానికి కావలసిన గాలిలో సగం కూడా అందని ఆ చోట ఇంధనం వేడికి విరిగి మసిరేణువులవుతుంది. వాటిలో చాలా భాగం ఆ తర్వాత గాలి తగిలి సిలిండర్‌లోనే కాలిపోతుంది. కాలకుండా మిగిలిందే పొగగొట్టంలోంచి వచ్చే నల్లపొగ. ఇంధనం ప్రధానంగా మసి పుట్టుకను తగ్గిస్తుంది. పిస్టన్ తలమీది గుంట ముఖ్యంగా, అప్పటికే పుట్టిన మసి కాలిపోయేలా చూస్తుంది. రెంటినీ పోల్చేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

ముందు పిస్టన్ గుంట. కార్లు, పికప్‌లలో ఎక్కువగా వాడేది కుండమూతిలా అంచు లోపలికి వాలినది. పిస్టన్ కిందికి దిగుతున్నా గాలి సుడి గుంటలో నిలుస్తుంది కాబట్టి ఆలస్యంగా పడిన డీజిల్ కూడా కాలుతుంది. కానీ లోడ్ పెరిగితే ఇంధనమంతా గుంటలోనే పోగుపడి, పిస్టన్ అంచుల పైనున్న గాలి వృథా అవుతుంది. వాలిన అంచు బాగా వేడెక్కి పగిలే ముప్పూ ఉంది. పెద్ద లారీల్లో ఉండే వెడల్పాటి పళ్లెంలాంటి గుంటకు సుడి పెద్దగా అక్కర్లేదు, 1,800 బార్, ఆపైన ఒత్తిడితో వచ్చే ధారే గాలిని లాక్కుంటుంది. అదే గుంటను తక్కువ ఒత్తిడి పాత పంపుతో వాడితే పొగ తప్పదు.

వీటికంటే మెరుగైనవి వచ్చాయి. మెర్సిడెస్ 2016లో తెచ్చిన ఓఎం654 ఇంజన్‌లో గుంట అంచుకు మెట్టు ఉంది. ధార ఆ మెట్టుకు తగిలి కొంత పైకి, కొంత కిందికి చీలుతుంది, రెండు చోట్లా ఉన్న గాలి పనికొస్తుంది. వోల్వో లారీ ఇంజన్ల గుంట గోడకు అలల్లాంటి ఉబ్బులుంటాయి. పక్కపక్క మంటలు గోడ దగ్గర ఢీకొని గాలి చాలక మసిగా మారకుండా, ఆ ఉబ్బులు మంటను గాలి మిగిలిన మధ్యభాగానికి తిప్పుతాయి. కొత్త ఇంజన్‌కైతే కారుకు మెట్టు, లారీకి అల అన్నదే మా ఎంపిక.

పాత ఇంజన్‌కు మాత్రం గుంట ఆకారం మార్చబోవద్దు. బోరు (సిలిండర్ వ్యాసం), ఎత్తు సరిపోయినంత మాత్రాన పిస్టన్ సరిపోయినట్టు కాదు. గుంట, నాజిల్ రంధ్రాల కోణం ఒకదానికొకటి జతగా తయారైనవి. రీబోర్ (అరిగిన సిలిండర్‌ను తొలిచి వెడల్పు చేయడం) తర్వాత పొగ పెరిగితే ముందు ఇంజెక్టర్ (నాజిల్ ఉండే పరికరం) కింది రాగి వాషర్ చూడండి. పాతది తీయకుండా కొత్తది వేస్తే నాజిల్ మొన పైకి లేస్తుంది, ధార గుంట అంచు దాటి సిలిండర్ గోడను తడుపుతుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ బ్లాకును ఎంత దాటుతోందో డయల్ గేజ్‌తో కొలిచి, దానికి తగ్గ మందం హెడ్ గాస్కెట్ వేయాలి. మందం ఎక్కువైతే కంప్రెషన్, గాలి కదలిక రెండూ పడిపోతాయి.

ఇక ఇంధనం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా దొరుకుతున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం 50 నుంచి 10 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో పది) తగ్గింది. దీనివల్ల పొగగొట్టంలోని ఉత్ప్రేరకం, డీపీఎఫ్ (మసిని పట్టే వడపోత) బతుకుతాయి కానీ నల్లమసి తగ్గడం స్వల్పమే, ఎందుకంటే మసి కర్బనంతో తయారవుతుంది. సీటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సంఖ్య) పెరిగితే పొగ తగ్గుతుందన్నదీ అన్నివేళలా నిజం కాదు. త్వరగా అంటుకుంటే గాలితో కలిసే వ్యవధి తగ్గి, మసి పెరగనూ వచ్చు.

మసి పుట్టుకను నిజంగా తగ్గించేది, నూనెలను రసాయనికంగా మార్చి తయారుచేసే బయోడీజిల్. దాని బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజనే, పైగా మసికి బీజమయ్యే ఆరోమాటిక్స్ (బెంజీన్ తరహా పదార్థాలు) ఉండవు. అమెరికా పర్యావరణ సంస్థ 2002 విశ్లేషణలో పాత లారీ ఇంజన్ల పొగలోని రేణువులు బి20తో (20 శాతం బయోడీజిల్ కలిపిన డీజిల్) సుమారు 10 శాతం, బి100తో (పూర్తి బయోడీజిల్) సగానికి దగ్గరగా తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం వరుసగా 2 శాతం, 10 శాతం పెరిగాయి. కానుగ నూనెను బయోడీజిల్‌గా మార్చకుండా నేరుగా పోయడం దీనికిందికి రాదు. దాని చిక్కదనం డీజిల్‌కు దాదాపు పదింతలు. నాజిల్‌కు బొగ్గు పట్టి, రింగులు బిగుసుకుంటాయి.

డీపీఎఫ్ లేని పాత ఇంజన్‌కు ముందు వాషర్, నాజిల్, ఎయిర్ ఫిల్టర్ సరిచేసి, తర్వాత కంపెనీ అనుమతిస్తే బి20 మేలు. మొదటి ట్యాంకు అయ్యాక డీజిల్ ఫిల్టర్ మార్చాలి, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కరిగి దాన్ని మూసేస్తుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడి కారుతున్నాయేమో కూడా చూడాలి. బీఎస్-6 బండికైతే కంపెనీ చెప్పిన బయోడీజిల్ మోతాదు, సాధారణంగా 7 శాతం, దాటవద్దు. డీపీఎఫ్‌ను కాల్చి శుభ్రం చేయడానికి ఆలస్యంగా చిమ్మే ఇంధనంలోని బయోడీజిల్ తేలిగ్గా ఆవిరి కాదు. అది గోడ వెంట జారి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చేరి, ఆయిల్‌ను పల్చన చేస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ కనిపిస్తే ఆయిల్ వెంటనే మార్చేయాలి.